తడిగోడ – శుష్కవేదాంతం

శ్రీ గురుభ్యో నమః.

ఈ పర్యాయం శాస్త్రవిచారంతో కాక ఒక స్వీయాపరాధ నివేదనతో ఆరంభిస్తున్నాను. అపరాధం చిన్నదే. ఒక గోడలోని చెమ్మను ఉపేక్షించడం. అయితే ఆ ఉపేక్షను నేను వేదాంతం అని పిలిచాను. దోషమంతా అక్కడ ఉంది. సాధకులకు ఇది ఉపకరించవచ్చుననే తలంపుతో, జరిగింది జరిగినట్లు వ్రాస్తున్నాను.

మా స్వగృహం కోనసీమలో, అమలాపురానికి సమీపగ్రామంలో ఉంది. 1968లో మా తండ్రిగారు కట్టించారు. తొమ్మిదంగుళాల ఇటుకగోడలు, నల్లబండల గచ్చు, ఈశాన్యంలో పూజామందిరం. ఆ రోజులలో స్నానాలగది పెరటిలో దూరంగా ఉండేది. 1991లో మా నాయనమ్మగారు నడవలేని స్థితికి వచ్చినప్పుడు, ఆమె సౌకర్యార్థం పూజగది గోడకు ఆనుకొని లోపలే ఒక స్నానాలగదిని నిర్మించారు. అది వాస్తువిరుద్ధమని పలువురు అన్నారట. "అమ్మ జారి పడితే ఏ వాస్తు లేవదీస్తుంది?" అన్నారట నాన్నగారు. 2011లో ఆయన శివసాయుజ్యం పొందారు. అప్పటినుండి ఆ ఇంటిలో మా అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు. ఆమె వయస్సు ఇప్పుడు 82. నేను భాగ్యనగరంలోను, తమ్ముడు విశాఖలోను స్థిరపడ్డాము.

2016లో ఆ స్నానాలగదిని నవీకరించే బాధ్యతను నేను స్వీకరించాను. కొత్త పలకలు, కొత్త కుళాయిలు, కొత్త తొట్టి. తమ్ముడు అప్పుడే చెప్పాడు: "అన్నయ్యా, గోడలో ఉన్నవి పాతికేళ్ళనాటి ఇనుపగొట్టాలు. పలకలు వేయకముందే వాటిని మార్చేద్దాం." ఆ పనికి అదనంగా 18,000 రూపాయలు అవుతాయని మేస్త్రి చెప్పాడు. "కారడం లేదు కదా, అనవసరపు ఖర్చు" అన్నాను. తమ్ముడు మరొకసారి చెప్పగా, నలుగురి ఎదుట, "డబ్బు విలువ తెలిస్తే ఇలా మాట్లాడవు" అన్నాను. ఆ మాటతో మా మధ్య సంభాషణ ఆగిపోయింది. ఏటా భాద్రపదంలో నాన్నగారి ఆబ్దికానికి ఇద్దరమూ వచ్చేవారము. ఒకే పీటల వరుసలో కూర్చుని, ఒకే మంత్రం పలికి, పిండప్రదానం చేసి, పరస్పరం పలుకరించుకోకుండానే వెళ్ళిపోయేవారము. పితృదేవతలు దానిని ఎలా స్వీకరించారో నాకు తెలియదు.

2020 ప్రాంతంలో అమ్మ మొదటిసారిగా చెప్పింది: "ఒరే పెద్దాడా, పూజగదిలో కూర్చుంటే వీపుకి చల్లగా చెమ్మ తగులుతోందిరా. గోడకి చౌడు పూస్తోంది." కోనసీమ అంటే గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న లంకభూమి. భూగర్భజలం పైకే ఉంటుంది. నేలచెమ్మ గోడలకు ఎక్కడం అక్కడ నిత్యవార్త. కనుక, "మన నేల స్వభావమే అంత, అమ్మా" అని తేల్చివేసి, చెమ్మను అడ్డుకుంటుందని దుకాణదారుడు చెప్పిన రంగు వేయించాను. ఏడాది తిరగకుండానే ఆ రంగు బుడగలుగా ఉబ్బి, పెచ్చులుగా రాలింది. 2022లో మళ్ళీ వేయించాను. ఈసారి అంతకన్నా త్వరగా ఊడింది. అమ్మ మళ్ళీ చెప్పింది. అప్పుడు నేనన్న మాటను ఇక్కడ యథాతథంగా వ్రాయడానికి సిగ్గుపడుతున్నాను. అయినా వ్రాస్తాను. "అమ్మా, ఈ దేహమే శాశ్వతం కాదు. గోడ చెమ్మకి ఇంత చింత దేనికి? ఇల్లు అనిత్యం అనుకో."

అమ్మ మారుమాట్లాడలేదు. పీటను గోడకు దూరంగా జరుపుకొని జపం చేసుకోసాగింది.

2023 వైశాఖంలో ఒక ప్రాతఃకాలం, స్నానం చేసి తడిచేతితో పూజగది దీపం స్విచ్చు వేయబోయిన అమ్మకు విద్యుదాఘాతం తగిలింది. స్విచ్చుబోర్డు ఆ తడిగోడలోనే ఉంది. ఆమె వెనుకకు పడింది. దైవానుగ్రహం వల్ల పడింది దర్భాసనం మీద. కుడిచేయి రెండు రోజులు తిమ్మిరెక్కి ఉంది. పొరుగింటివారు ఫోను చేసి చెప్పగా ఆ రాత్రికే బయలుదేరాను. దారి పొడవునా, "ఇల్లు అనిత్యం అనుకో" అన్న నా స్వరమే నాకు వినిపిస్తూ ఉంది. అనిత్యమైనది గోడ మాత్రమే కాదు. ఆ గోడకు ఆనుకొని కూర్చునే తల్లి ప్రాణం కూడా అంతే అనిత్యం. మొదటి అనిత్యత్వాన్ని ఆమెకు ఉపదేశించిన నేను, రెండవ అనిత్యత్వాన్ని ఒక్క క్షణమైనా భావన చేయలేదు.

భగవద్గీత అష్టాదశాధ్యాయంలో భగవానుడు త్యాగాన్ని మూడు విధాలుగా విభజించాడు. నియతకర్మను మోహం వల్ల విడిచిపెట్టడం తామసత్యాగం. శ్రమ కలుగుతుందనే భయంతో విడిచిపెట్టడం రాజసత్యాగం. ఆ రెంటికీ త్యాగఫలం లేదు. నేను ఎన్నోసార్లు సత్సంగాలలో ఈ విభాగాన్ని వివరించాను. నా ఉపేక్ష ఏ కోవలోనిదో మాత్రం ఆ రాత్రి బస్సులో కూర్చున్నప్పుడే తెలిసింది. ఖర్చుకు వెరవడం రాజసం. దానికి వైరాగ్యమని పేరుపెట్టి నమ్మడం తామసం. రెండూ నావే.

మరునాడు మొదట విద్యుత్ పనివాడు వచ్చి ఆ గోడకు వెళ్ళే తీగెలకు కరెంటు తీసివేశాడు. తరువాత గ్రామంలోని ఒక వృద్ధ ప్లంబరును పిలిచాము. ఆయన చదువుకున్నది అయిదవ తరగతి. గోడను అరచేతితో తడిమి చూసి, "ఇది నేలచెమ్మ కాదండి" అన్నాడు. ఎలా చెప్పగలవని అడిగాను. ఆయన చూపిన హేతువులు మూడు. నేలచెమ్మ అయితే అడుగునుండి పైకి పాకుతుంది, అడుగునే ఎక్కువ తడి ఉంటుంది. ఇక్కడ నాలుగడుగుల ఎత్తున గోడ అత్యంత నల్లబడి ఉంది. నేలచెమ్మ అయితే ఎండాకాలంలో తగ్గాలి. ఇది వైశాఖంలో కూడా తగ్గలేదు. నేలచెమ్మ అయితే అదే నేలమీద నిలిచిన ఎదుటిగోడకు కూడా ఉండాలి. అది పొడిగా ఉంది.

"అనుమానం తీరాలంటే రెండు రాత్రులు ఆగండి" అన్నాడు. మొదటి రాత్రి మోటారు ఆపించి, కుళాయిలన్నీ కట్టించి, డాబామీది సిమెంటు ట్యాంకులో నీటిమట్టం వద్ద సుద్దతో గీత గీశాడు. ఉదయానికి నీరు అర అంగుళం దిగింది. ట్యాంకు నాలుగడుగుల చదరం కనుక అది ఇంచుమించు 19 లీటర్లు. రెండవ రాత్రి స్నానాలగదికి వెళ్ళే గొట్టం గేటువాల్వును మాత్రం మూసి, మళ్ళీ గీత గీశాడు. ఉదయానికి నీరు గీత వద్దనే నిలిచి ఉంది.

నేను నిశ్చేష్టుడనయ్యాను. కారణం ఉన్నప్పుడు కార్యం ఉండడం అన్వయం. కారణం లేనప్పుడు కార్యం లేకపోవడం వ్యతిరేకం. ఆత్మానాత్మ వివేకానికి మన ఆచార్యులు ప్రయోగించిన యుక్తి ఇదే. నేను దానిని గ్రంథంలో చదివి, ఉపన్యసించి, స్వగృహంలోని ఒక గోడకు మూడేళ్ళపాటు అన్వయించలేకపోయాను. ఆ పామరుడని నేను భావించిన వ్యక్తి ఒక సుద్దముక్కతో రెండు రాత్రులలో నిరూపించాడు.

జ్యేష్ఠమాసంలో పని ఆరంభమైంది. గోడ పగలగొట్టడానికి ముందు దేవతామూర్తులను కదిలించవలసి వచ్చింది. అరవై ఏళ్ళుగా తాను అర్చిస్తున్న సాలగ్రామాన్ని, లక్ష్మీనృసింహ పటాన్ని తూర్పువసారాలోకి తీసుకువెళ్ళాలంటే అమ్మ కన్నీరు పెట్టుకుంది. అప్పుడు మా పురోహితులు ఆమెకు బాలాలయ విధానాన్ని గుర్తుచేశారు. దేవాలయ జీర్ణోద్ధారణ వేళ, పని పూర్తి అయ్యే వరకు స్వామిని తాత్కాలికమైన చిన్న ఆలయంలో ప్రతిష్ఠించి అర్చించడం ఆగమసంప్రదాయం. యాదగిరిగుట్ట పునర్నిర్మాణకాలంలో భక్తులు ఏళ్ళ తరబడి బాలాలయంలోనే స్వామిని సేవించుకున్నారు; 2022 మార్చి 28న ప్రధానాలయ దర్శనం పునఃప్రారంభమైంది. "స్వామికే తప్పలేదమ్మా, మనకేం" అన్నారాయన. అమ్మ కన్నీరు తుడుచుకొని, పీట కింద తానే ముగ్గు వేసింది.

పలకలు ఊడదీసి, పూత రాల్చి, గొట్టాన్ని బయటకు తీశారు. మలుపు వద్ద, మరచుట్లు ఉన్నచోట, ఆవగింజంత రంధ్రం. ప్లంబరు వివరించాడు: ఇనుపగొట్టానికి పైన యశదపు పూత ఉంటుంది, అదే దానిని త్రుప్పునుండి కాపాడుతుంది. కలుపుకోసం మరచుట్లు కోసినప్పుడు అక్కడ ఆ పూత పోతుంది. అందుకే ఎప్పుడైనా క్షయం ముందుగా సంధిలోనే మొదలవుతుంది. గొట్టం లోపల త్రుప్పు పేరుకొని మార్గం సగం పూడుకుపోయి ఉంది. ఆ తుప్పుగొట్టం చివరనే, 2016లో నేను కొనితెచ్చిన మెరిసే కుళాయి అమర్చి ఉంది.

ఆ గోడకు ఆవలివైపు, పూజగదిలో, నాన్నగారి పుస్తకాల గూడు ఉంది. తలుపులు ఉబ్బి బిగుసుకుపోవడంతో ఏళ్ళుగా ఎవరూ తెరవలేదు. దానిని తెరవగా వచ్చిన బూజువాసనను మరువలేను. భాగవతం మీద ఆయన సిరాతో వ్రాసుకున్న నోటుపుస్తకాలు పదకొండు. ఏడింటిని నీడలో, ఫ్యాను గాలికి, పుట పుటకూ నడుమ తెల్లకాగితం ఉంచి ఆరబెట్టి దక్కించుకున్నాము. నాలుగింటిలో సిరా కరిగి నీలిమరక మాత్రమే మిగిలింది. క్షరం కానిది అక్షరం అంటాము. ఆ అక్షరాలు నా చేతులలోనే క్షరమైపోయి ఉన్నాయి. వాటి విలువ ఎంతని అడిగితే చెప్పలేను. నేను మిగిల్చిన ధనం ఎంతో మాత్రం చెప్పగలను: 18,000 రూపాయలు.

ఆ సాయంత్రం అరుగుమీద కూర్చుని తమ్ముడికి ఫోను చేశాను. ఏడేళ్ళ తరువాత మొదటిసారి. ఎలా ఆరంభించాలో తోచక, "గొట్టాలు మార్చమని నువ్వు చెప్పింది నిజం. నేను వినలేదు. నలుగురిలో నిన్ను అవమానించాను. అమ్మకి ప్రమాదం తప్పింది. నాన్న పుస్తకాలు నాలుగు పోయాయి. తప్పంతా నాదే" అని ఒక్క గుక్కలో చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తరువాత అతడన్నాడు: "అన్నయ్యా, నేనూ కోపంతో ఊరుకున్నాను. గొట్టాల సంగతి తరువాత అమ్మతోనైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎల్లుండి వస్తాను."

వచ్చాడు. కొత్త గొట్టాలన్నీ ప్లాస్టిక్ జాతివి, త్రుప్పు పట్టనివి, సిపివిసి అంటారు. వాటిని ఈసారి గోడలోపల దాచకుండా, బయటివైపు కంటికి కనబడేలా వేయించాము. చూడడానికి అంత శోభగా ఉండదని మేస్త్రి అన్నాడు. దాచినది చెడితే తెలియదని తమ్ముడు అన్నాడు. నేను మాట్లాడలేదు. గొట్టాల చివరలన్నీ మూసి, చేతిపంపుతో నీటి ఒత్తిడి ఎక్కించి, ఒక పూర్తి అహోరాత్రం ఉంచారు. కొలతముల్లు దిగితే ఎక్కడో సంధి కారుతున్నట్లు. ఆ రాత్రి అన్నదమ్ములమిద్దరం టార్చిలైటుతో గంటగంటకూ లేచి ఆ ముల్లును చూశాము. అది కదలలేదు. నడుమ నడుమ నాన్నగారి మాటలు చెప్పుకున్నాము.

తదుపరి ఘట్టం నిరీక్షణ. గోడ తడిగా ఉండగానే పూత పూస్తే మళ్ళీ పాతకథే. తడి ఉన్న మేరకే కాక దానికి ఒక అడుగు పైవరకు పూత రాల్చి, ఇటుకను నగ్నంగా వదిలివేశారు. అంగుళం మందానికి ఇంచుమించు నెల పడుతుందని, వానాకాలం గనుక ఇంకా ఆలస్యం కావచ్చని మేస్త్రి చెప్పాడు. ఆరుతున్న కొద్దీ ఇటుకలమీద తెల్లని చౌడు పూయసాగింది. తుడిచినా మరునాటికి మళ్ళీ వచ్చేది. నాకు ఆందోళన కలిగింది. "అది మంచిదేనండి, లోపలిది బయటికి వస్తోంది. నీళ్ళతో కడగకండి, పొడి కుంచెతో దులపండి" అన్నాడు మేస్త్రి. ఇటుకలోను, సిమెంటులోను, బోరునీటిలోను ఉన్న లవణాలు నీటిలో కరిగి ఉపరితలానికి చేరుతాయి. నీరు ఆవిరైతే లవణం స్ఫటికమై నిలుస్తుంది. నీటితో కడిగితే మళ్ళీ కరిగి లోపలికే పోతుంది.

ఛాందోగ్యం షష్ఠాధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుచేత నీటిలో ఉప్పు వేయించి, మరునాడు దానిని తెమ్మంటాడు. ఉప్పు కనబడదు. పైన, మధ్య, అడుగున రుచి చూస్తే అంతటా ఉప్పే. అక్కడ దార్ష్టాంతికం సర్వవ్యాపకమైన సద్వస్తువు. నా గోడ చూపింది అంత ఉత్కృష్టమైనది కాదు. అదృశ్యంగా వ్యాపించి ఉన్నది మన వాసనలు కూడా కావచ్చునని చూపింది. తమ్ముడిపై నాకున్న ఆభిజాత్యం ఒక్క ఫోనుతో పోలేదు. పనివారిముందు అతడు ఏదైనా సలహా చెబితే పెదవి చివర పాత వ్యంగ్యం వచ్చి నిలిచేది. మునుపు దానిని కప్పిపుచ్చడమే శాంతం అనుకునేవాడిని. గోడకు రంగు వేసినట్లే. ఆ రంగు చెమ్మను ఆపలేదు. లోపల బంధించి, గోడను మరింత గుల్ల చేసింది. ఇప్పుడు ఆ వ్యంగ్యం తలెత్తినప్పుడల్లా గుర్తించి, మాటగా మారకమునుపే దులుపుకోవడం నేర్చుకుంటున్నాను. రోజూ పూస్తుంది. రోజూ దులపాలి. మూలంలో నీరు ఆగింది గనుక ఎన్నడో ఒకనాటికి పూయడం ఆగుతుంది.

ఆ భాద్రపదంలో నాన్నగారి ఆబ్దికం నగ్నమైన ఇటుకగోడల మధ్యనే జరిగింది. సంకల్పం చెప్పేటప్పుడు తమ్ముడు నా భుజాన్ని దర్భతో తాకాడు. మధ్యాహ్నం భోక్తలు వెళ్ళాక, సిరా కరిగిన నోటుపుస్తకాలను అమ్మ ఒడిలో పెట్టాను. ఆమె పుటలు తిప్పి, "ఇది గజేంద్రమోక్షం పుస్తకంరా. ఈ పుటలో ఆయన రాసుకున్నది నాకు చదివి వినిపించారు" అని, మొసలి పట్టు జారనంతకాలం ఏనుగు తన బలాన్నే నమ్ముకుందని, అలిసిపోవడమే దానికి కలిగిన అనుగ్రహమని ఆయన వ్యాఖ్యానించిన తీరును చెప్పింది. తమ్ముడు కొత్త పుస్తకం తెచ్చి వ్రాసుకున్నాడు. నాలుగు పుస్తకాలు తిరిగి రాలేదు. మూడు పుటలు మాత్రం వచ్చాయి.

ఆశ్వయుజంలో గోడకు ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని నలువైపులా టేపుతో అతికించి చూశాము. మరునాడు దాని లోపలివైపు నీటిబిందువులు కనిపించాయి. ఇంకా తడి ఉంది. కార్తికాంతంలో మళ్ళీ అతికించి చూస్తే పొడిగా ఉంది. అప్పుడు పూతపని ఆరంభించాము. స్నానాలగదిని పూజగది గోడనుండి తప్పించి, అమ్మ పడకగదికి పడమరగా మార్చాము. గడప లేకుండా, జారని పలకలతో, పట్టుకొని లేవడానికి గోడలకు స్టీలు కడ్డీలతో. పాత స్నానాలగది ఇప్పుడు గ్రంథాలయం. విద్యుత్తు ఎక్కడైనా తడిలోకి ప్రవహిస్తే తనంతట తానే ఆగిపోయే స్విచ్చును కూడా పెట్టించాము. వాస్తుదోషం పోయిందని కొందరు సంతోషించారు. సంతోషమే. నాకు తెలిసిన దోషం మాత్రం ఈశాన్యంలో లేదు. అలాగే 1991లో నాన్నగారు తల్లికోసం కట్టించిన ఆ గదిని దోషంగా తలచడానికి మనస్సు ఒప్పదు. అది సేవగా పుట్టింది. నా అశ్రద్ధ వల్ల ప్రమాదస్థానం అయింది.

గృహప్రవేశం మూడు విధాలు. కొత్తగా కట్టిన ఇంటిలో ప్రవేశించడం అపూర్వం. దీర్ఘప్రవాసం తరువాత స్వగృహానికి రావడం సపూర్వం. అగ్నిజలాదులవల్ల చెడిన ఇంటిని బాగుచేసుకొని మళ్ళీ ప్రవేశించడం ద్వంద్వం. 2024 మాఘమాసంలో మేము జరుపుకున్నది ఈ మూడవది. సాలగ్రామాన్ని తమ్ముడు, పటాన్ని నేను పట్టుకొని అమ్మ వెనుక నడిచాము. ఆమె తన పీటను తెచ్చి, ఆ గోడకే ఆనించి వేసుకుంది. అరచేతితో గోడను తడిమి చూసి, "పొడిగా ఉందిరా" అని మాత్రం అంది.

ప్రియ సాధకులారా! జగత్తు అనిత్యమన్నది పరమసత్యం. ఆ సత్యాన్ని మనకు కలిగే నష్టానికి అన్వయించుకుంటే ఓర్పు కలుగుతుంది. ఇతరుల బాధకు సమాధానంగా చెబితే అది శుష్కవేదాంతం అవుతుంది. ఇంటిలో పెద్దలు ఏదైనా చిన్న ఇబ్బంది చెప్పినప్పుడు తత్త్వం చెప్పకమునుపు లేచి వెళ్ళి గోడను ఒకసారి తాకి చూడండి. ఆ పని నేను మూడేళ్ళు ఆలస్యంగా చేశాను.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.